పాత పొలం ఇంటిని అతిథి గదులుగా మార్చాలంటే: ముందు గోడల చెమ్మ సంగతి

పాత పొలం ఇంటిని బాగుచేసి అతిథులకు ఇవ్వాలనుకునేవాళ్లు చాలామంది బాత్‌రూమ్ టైల్స్‌తో మొదలుపెడతారు. చూడాల్సింది గోడల్ని. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ పీల్చుకున్న తేమను మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరు, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. ఒక వానాకాలం గడిచేసరికి మోకాలెత్తు దాకా రంగు బుడగలు లేస్తుంది. గోరుతో గీకితే తెల్లటి ఉప్పు పిండిలా రాలుతుంది. గదంతా ముక్కవాసన. అతిథి తలుపు తీయగానే పసిగట్టేది దాన్నే.

ముందు నీళ్లొచ్చే దారి మూయండి. బయటి నేల లోపలి గచ్చుకన్నా కనీసం 15 సెం.మీ. దిగువన ఉండాలి. ఏళ్ల తరబడి మట్టి పేరుకుని చాలా ఇళ్లలో రెండూ సమానమైపోతాయి, తవ్వి తీసేయాల్సిందే. చూరునీళ్లు గోడ మొదట్లో పడకుండా గొట్టంతో దూరంగా వదలాలి. ఆ తర్వాత గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే పైన చేసే పనంతా దండగే.

పాత సిమెంటును ఉలి, సుత్తితో మెల్లగా ఊడదీయండి. మెషీన్ పెడితే దాంతోపాటు ఇటుక మొహం కూడా లేచొస్తుంది. దాని స్థానంలో వేసే గారకు, అంటే సున్నపు ప్లాస్టరుకు, నానిన సున్నం ముద్ద ఒక పాలు, మట్టి లేని గరుకు ఇసుక మూడు పాళ్లు. ముద్దను మూడు నెలలైనా నాననివ్వండి. సరిగా నానని సున్నపు పలుకు గోడలో చేరాక ఉబ్బి, గారను చిప్పలా పెళ్లగిస్తుంది. మొదటి పూతలో పొట్టిగా కత్తిరించిన పీచు కలపాలి. ఏ పూతా 10 మి.మీ. దాటకూడదు. గోడను ముందే తడపకపోతే అది గారలోని నీళ్లు లాగేసుకుంటుంది, నెర్రెలు తప్పవు. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో, దానికి కాస్త తడి ఉండాలి. అందుకే కొన్నాళ్లు తడిగోనెలు వేలాడదీయాలి. కళ్లద్దాలు, చేతితొడుగులు లేకుండా సున్నం జోలికి పోవద్దు. కంట్లో పడితే చూపే పోవచ్చు.

పైన వెల్ల పాలంత పలుచగా, 4 లేదా 5 పూతలు. చిక్కగా ఒకేసారి కొడితే అతిథి చొక్కాకు అంటుకుంటుంది.

దూలాలు మొదట పుచ్చేది గోడలో దూరిన కొసల దగ్గరే. స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మెత్తగా దిగితే ఆ భాగం కోసి అదే జాతి చెక్క అతకాలి.

ఇక బాత్‌రూమ్. ఇంత ఆవిరిని ఆ ఇల్లు ఎన్నడూ చూసి ఉండదు. ఫ్యాను గాలిని బయటికే తోయాలి, అటకమీదికి కాదు. స్నానమయ్యాక 15 నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టండి. వేడినీళ్ల ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచండి. గది వారంపాటు ఖాళీగా ఉంటే, అతిథి రాకముందే కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదలండి. నిలవనీటిలో లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది, తుంపర్లతో పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. షవర్‌ను మాత్రం తుంపర్లు లేవకుండా బకెట్టులో ముంచి వదలాలి.