సైబర్ కేసులో పేరుందా? ముందస్తు బెయిల్‌కు ఇలా వెళ్లండి

మాదాపూర్‌లో ఒక కుర్రాడు ఉద్యోగం మానేసి, లాప్‌టాప్ అప్పగించి వచ్చేశాడనుకుందాం. నెల తిరక్కుండానే పాత కంపెనీ కేసు పెట్టింది: క్లయింట్ల డేటా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయాడని. స్టేషన్ నుంచి ఫోన్ రాగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ కంగారులో చాలామంది ఫోన్ ఫార్మాట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సాక్ష్యంగా అక్కరకు రాకూడదని ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 241 కింద అదే ఇంకో నేరం. పైగా ‘బెయిలిస్తే ఆధారాలు మాయం చేస్తాడు’ అనే వాదనను ప్రాసిక్యూటర్ చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.

ముందుగా ఆ ఫోన్ నిజమైనదేనా చూసుకోండి. వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ చేశామంటే అది మోసమే. కాల్ కట్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

కేసు నిజమైతే ఎఫ్‌ఐఆర్ కాపీ సంపాదించి, సెక్షన్లు ఒక్కొక్కటే చదవండి. అసలు కీలకం ఇక్కడే ఉంది. అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం 66 కిందికి వస్తుంది. దానికీ, 66సి (ఇతరుల పాస్‌వర్డ్, గుర్తింపు వాడుకోవడం), 66డి (కంప్యూటర్‌తో మరొకరిలా నటించి మోసం)లకూ గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అదే చట్టం 77బి ప్రకారం ఇవి బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా దొరికేవి. ఇవి మాత్రమే ఉంటే ముందస్తు బెయిల్ (అరెస్టుకు ముందే కోర్టు ఇచ్చే బెయిల్) అవసరమే లేదు, జామీను ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. అయితే ఉద్యోగుల కేసుల్లో బీఎన్‌ఎస్ కింద నమ్మకద్రోహం 316(4), మోసం 318(4) కూడా కలుపుతుంటారు. ఈ రెండూ ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నాన్‌బెయిలబుల్ సెక్షన్లు, అంటే బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. ముందస్తు బెయిల్ కావాల్సింది అప్పుడే.

ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో పోలీసులు సాధారణంగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. అది అరెస్టు వారెంటు కాదు. చెప్పిన రోజున వెళ్లండి, వెళ్లినట్టు రాతపూర్వకంగా ఆధారం తీసుకోండి. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

పిటిషన్ బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద వేయాలి. 2024 జులై 1కి ముందు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 438. సెషన్స్ కోర్టులోనైనా హైకోర్టులోనైనా వేయొచ్చు. మామూలుగా సెషన్స్‌తో మొదలుపెడతారు, అక్కడ కొట్టేస్తే హైకోర్టు ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ఇంకా నమోదు కాకపోయినా, అరెస్టు భయానికి గట్టి కారణం చూపగలిగితే చాలు. ఈ పిటిషన్‌పై కోర్టు విచారణ ముగిసేలోగా అరెస్టు చేయకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగమని లాయరుకు చెప్పండి.

కంప్యూటర్ కేసుల్లో పోలీసులు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: ‘పరికరం రాబట్టాలి, కస్టడీ కావాలి’. అందుకే లాప్‌టాప్, ఫోన్ అప్పగించడానికి సిద్ధమని పిటిషన్‌లోనే రాయించండి. రిలీవింగ్ లెటర్, లాప్‌టాప్ ముట్టినట్టు కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ జతచేయండి. అప్పగించేటప్పుడు పంచనామాలో (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రంలో) సీరియల్ నంబరు, హ్యాష్ విలువ (అందులోని డేటాకు డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్) రాయమని అడగండి. ఆ తర్వాత అందులో ఎవరైనా ఒక్క ఫైలు మార్చినా ఆ విలువ మారిపోతుంది. మీకు అంతకన్నా మంచి రక్షణ దొరకదు.

ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీతో, జామీనుదారులతో గడువులోగా స్టేషన్‌కు వెళ్లండి. పిలిచినప్పుడల్లా హాజరవ్వాలి, సాక్షులను కదిలించకూడదు. ఫిర్యాదు చేసిన మేనేజర్‌కు ‘ఎందుకు సార్ ఇలా’ అని మెసేజ్ పెట్టినా చిక్కే. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటొద్దనే షరతు కూడా ఉండొచ్చు. ఆన్‌సైట్‌కు, అంటే కంపెనీ పని మీద విదేశానికి వెళ్లాల్సినవాళ్లు టికెట్ కొనకముందే లాయరుతో మాట్లాడి, అనుమతి పిటిషన్ వేయించుకోండి.