కొండ వార తోట కొనేవాళ్లకు

కొండ వార భూమిని ఎండాకాలంలో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. మే నెలలో ఆ నేల మనిషిని కట్టిపడేస్తుంది. జీడిమామిడి చెట్ల కింద చల్లటి నీడ, మొదలు నుంచీ వేలాడే పనసకాయలు, గెడ్డ, అంటే కొండవాగు, ఎండిపోయి ఇసక దారిలా పరిచి ఉంటుంది. కారు గట్టు దాకా వెళ్లిపోతుంది. అదే నేలకి శ్రావణంలో వెళ్లండి. గెడ్డ మోకాలు దాటి పారుతుంది, దారి ఎక్కడుందో ఊరివాళ్లే చూపించాలి.

నేను శ్రీకాకుళం జిల్లా పలాసలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మందస వైపు కొండ అంచున రెండెకరాల ముప్పై అయిదు సెంట్లు కొని, కరెంటు లైను రాని చోట చిన్న ఇల్లు కట్టుకున్నాను. ఆ కొండ మీద మమకారం మా నాన్నగారిది. నా చిన్నతనంలో ఆయన వేటకి వెళ్లేవారు. అడవిపందిని కావిడి వేసి తెచ్చిన రోజు మా వీధంతా పొగ, మసాలా వాసన. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తుపాకీ స్టేషన్లో అప్పగించేశారు. ఆ తర్వాత ఉత్త చేతులతోనే కొండెక్కేవారు, నన్నూ తీసుకెళ్లేవారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "పందులు తిరిగే తోట ఏదైనా ఉంటే చెప్పండి టీచరుగారూ, సరదాగా వేటాడొచ్చు" అని నన్ను అడిగినవాళ్లున్నారు. మన దేశంలో అది జైలుకి పంపే నేరం. పంట పాడుచేసిందని కూడా మీ అంతట మీరు చంపకూడదు. కొండ దగ్గర ఉండాలనిపిస్తే చూడటానికి, వినటానికి కొనండి.

నేను మొదట ఇష్టపడిన భూమి ఇది కాదు. దీని కంటే మంచిదని అప్పుడు అనిపించిన తోటకి ఒక మధ్యవర్తి మాట నమ్మి నలభై వేలు అడ్వాన్సు ఇచ్చాను. అది డి-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని భూమి అని తర్వాత తెలిసింది. పదిహేను వేలే వెనక్కి వచ్చాయి. ఆ దెబ్బతో నేను ఆరు నెలలు కాగితాలు చదవటం నేర్చుకున్నాను. అందుకే ఈ భాగం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఆ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే గిరిజన ప్రాంతంగా ప్రకటించిన ఏజెన్సీలో, ఉందా అని అడగండి. సీతంపేట, కురుపాం, సాలూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో భూమి చేతులు మారటాన్ని కట్టడి చేసే 1/70 చట్టం అమల్లో ఉంది. అక్కడ గిరిజనులు కానివాళ్లు భూమి కొంటే ఆ అమ్మకం చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా చెల్లదు. "వాళ్లూ మనవాళ్లే, పర్వాలేదు" అనే మాట చాలామంది దగ్గర వింటారు. చట్టం ఆ తేడా చూడదు. మండలం పేరు బట్టి నిర్ణయించకండి. ఒకే మండలంలో కొన్ని ఊళ్లు ఏజెన్సీ, కొన్ని మైదానం. రెవెన్యూ గ్రామం పేరు రాసుకుని తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఆ చట్టం సవర గిరిజనుల పిల్లల నోటి దగ్గర కూడు కాపాడటానికి వచ్చింది. నా క్లాసులో చదివిన పిల్లల ఊళ్లవి. దాన్ని తప్పించుకునే దారి ఎవరైనా చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి.

తర్వాత, భూమి ఏ రకమో చూడండి. మనకి కావలసింది జిరాయితీ, అంటే అమ్ముకునే హక్కున్న సొంత పట్టా భూమి. అసైన్డ్ భూమి, అంటే డి-పట్టా, పేదలకి ప్రభుత్వం ఇచ్చింది. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ 2023లో సవరణ తెచ్చారు, 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. ఇన్ని మలుపులున్న భూమి జోలికి వెళ్లకపోవటమే మంచిది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకి వస్తుంది గాని అమ్మకానికి రాదు. ఇక కొండ పోరంబోకు, గెడ్డ పోరంబోకు, గయాలు, అంటే బీడు. వీటిలో తరాలుగా జీడిచెట్లు పెంచుకుంటున్నవాళ్లుంటారు. చెట్టు వాళ్లదే కావచ్చు, నేల మాత్రం ప్రభుత్వానిది.

రకం తెలుసుకోవటానికి ఇవాళ్టి 1-బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) చాలవు. మన జిల్లాల్లో ఊళ్లు చాలావరకు ఒకప్పుడు జమీందారీలవి: మందస, టెక్కలి, పర్లాకిమిడి, బొబ్బిలి, విజయనగరం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్మెంటు జరిగి, ఏ నేల ఏ రకమో తేల్చి ఫెయిర్ అడంగల్ అనే పుస్తకం రాశారు. మీరు కొనే సర్వే నంబరుకి ఎదురుగా ఆ పాత పుస్తకంలో ఏమని రాసుందో, దాని నకలు తీసుకోండి. అక్కడ 'కొండ' అనో 'గయాలు' అనో ఉండి ఇవాళ్టి అడంగల్లో 'పట్టా' అని ఉంటే, మధ్యలో ఏం జరిగిందో కాగితంతో చూపించమని అమ్మేవాళ్లని అడగండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబరు వచ్చింది. రెండూ రాసి పెట్టుకోండి, లేకపోతే పాత దస్తావేజుతో కొత్త పటం జత కుదరదు. ఆ నంబరు 22-ఎ, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల, నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రారు ఆఫీసులో చూసుకోండి. భూమి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లకి తక్కువ తీయించకండి. అమ్మేవాళ్ల ఇంటి ఆడపడుచుల సంతకాలు కావాలి. పెళ్లయి బరంపురంలోనో భిలాయిలోనో ఉన్నా సరే, వాళ్లు వచ్చి సంతకం పెట్టేదాకా ఆగండి. నాకు అమ్మినవాళ్ల చెల్లెలి కోసం నేను రెండు నెలలు ఆగాను. ఆమె వచ్చి, సంతకం పెట్టి, తోటలో వాళ్లమ్మ వేసిన పనసచెట్టు కొట్టొద్దని నా చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్లింది. ఏటా దాని మొదటి కాయ ఆమెకి పంపుతున్నాను.

విదేశాల్లో ఉన్న పిల్లల పేరున కొనాలనుకునేవాళ్లు ఒక్క మాట. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం అనుకోండి.

కాగితం సరిపోయాక నేల మీదకి రండి. ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించండి. చుట్టుపక్కల రైతులందరూ ఆ రోజు అక్కడ ఉండాలి. పక్కన రిజర్వు ఫారెస్టు ఉంటే అటవీ శాఖ వాళ్ల రాళ్ల కుప్పలు హద్దు వెంట కనిపిస్తాయి. రేంజి ఆఫీసులో చెప్పి వాళ్ల మనిషిని కూడా పిలవండి. దారి దస్తావేజులో ఉండాలి. "ఎప్పుడూ ఇటే ఎల్తన్నాం" అన్న మాట, పక్క పొలం చేతులు మారిన రోజున పనికిరాదు.

మా పక్క తోట తాతకి ఎనభై ఏళ్లుంటాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆయనే అన్నాడు: "ఎండల్లో సూసి మోసపోకు టీచరమ్మా. వొర్సాలకి రా. గెడ్డ ఎంతవరకూ వొస్తాదో నాను సూపిస్తాను." ఆగస్టులో గొడుగేసుకుని వెళ్లాను. నేను ఇల్లు కడదామనుకున్న చోట చీలమండ లోతు నీళ్లు నడుస్తున్నాయి. ఇల్లు అరవై అడుగులు ఎగువకి జరిపాను. ఊళ్లో అలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు. వెతికి పట్టుకోండి, ఆయనతో ఒక పూట కూర్చోండి.

నీళ్ల సంగతి దీనికి తలకిందులు. నూతిని మాత్రం మే నెలలోనే చూడాలి. తాడుకి రాయి కట్టి వదిలి, తడిసిన మేర కొలవండి. కొత్త బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. తాగునీటి పథకం బోరుకి 250 మీటర్ల లోపు వేయనివ్వరు. మందస, పలాస, సోంపేట, కవిటి వైపు కొనేవాళ్లు ఉద్దానం కిడ్నీ జబ్బును మరచిపోవద్దు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నా సహోద్యోగులు ఇద్దరు డయాలసిస్ మీద ఉండి పోయారు. నూతి నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించాను. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడు 1 లోపు ఉండాలని తాగునీటి ప్రమాణం. నా నూతి నీళ్లు ఆ లోపే ఉన్నాయి, అయినా తాగటానికి వాన నీళ్లే పడుతున్నాను. ఇది నా నిర్ణయం. మా కప్పు నలభై చదరపు మీటర్లు. ఇక్కడ ఏటా వెయ్యి మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. అయిదో వంతు వృథా పోయినా ముప్పై రెండు వేల లీటర్లు. మొదటి రెండు వానల నీళ్లు వదిలేసి, ఆ తర్వాతవి సిమెంటు తొట్టికి మళ్లిస్తాను. తొట్టి మూతకి దోమ దూరే సందు ఉండకూడదు.

వరండా కాక ఇల్లు పదహారు అడుగులకి ఇరవై. కమ్మలో రేకులో వేద్దామని మా ఆయన అన్నారు, నేను ఒప్పుకోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేము ఇంట్లోనే ఉన్నాం. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. పక్కవాళ్ల షెడ్డు రేకు వీధి దాటి వెళ్లి పడింది. తెల్లారేసరికి ఉద్దానం కొబ్బరి అంతా నేల మీద ఉంది. అందుకే స్లాబు వేయించాను, పైన తెల్ల సున్నం. ఎండకి వేడెక్కుతుంది, నిజమే. వరండా మాత్రం పెంకు వేయించి పగలంతా అందులోనే ఉంటాను. పెద్ద చెట్టు పడితే ఇంటి మీద పడనంత ఎడం ఉంచండి.

సోలారు లెక్క మీరే వేసుకోవాలి. అమ్మేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే చెప్తారు. తక్కువ కరెంటు తాగే ముప్పై వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలు: 600 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల బల్బులు నాలుగు, అయిదు గంటలు: 180. ఫోన్లు, రేడియో ఒక 50. ఇన్వర్టరు తినేది కలిపి రోజుకి ఒక యూనిట్, అంటే వెయ్యి వాట్ అవర్లు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి మామూలు రోజున రెండు యూనిట్ల దాకా ఇస్తుంది. 12.8 వోల్టుల, 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీలో వాడుకోదగ్గది రెండు యూనిట్లు. అంటే మబ్బు పట్టినా రెండు రాత్రులు గడుస్తాయి. ప్యానెల్ దక్షిణానికి, పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీల వాలులో పెట్టాలి, మన అక్షాంశం దాదాపు అంతే కాబట్టి. దాన్ని కప్పు మీద కాకుండా నేల మీద ఇనప చట్రానికి బిగించాను. తుపాను హెచ్చరిక వస్తే ఇద్దరు కలిసి అరగంటలో విప్పి ఇంట్లో పెట్టేయవచ్చు. స్పానర్లు అక్కడే గోడకి వేలాడతాయి.

జంతువుల సంగతి కొనకముందే చూడండి. చెదపుట్టలు తవ్వి ఉన్నాయా? ఉంటే ఎలుగు తిరుగుతున్నట్టే. తడి నేల మీద దాని అడుగు మనిషి పాదంలా పడుతుంది. మా వైపు ఎలుగులు జీడిపండు కోసం, తర్వాత పనసపండు కోసం దిగుతాయి. మగ్గిన పనస ఇంటి దగ్గర ఉంచను. గింజ తీసిన జీడిపళ్లు ఇంటికి దూరంగా గోతిలో పూడ్పిస్తాను. పొద్దు పొడవక ముందు, పొద్దు గుంకాక తోటలో నడవను. తప్పనిసరైతే లైటు పట్టుకుని గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తాం. ఎలుగు ఎదురు తిరిగేది చాలాసార్లు ఉలిక్కిపడే. కురుపాం, కొమరాడ వైపు చూస్తున్నవాళ్లకి ఒడిశా నుంచి దిగే ఏనుగులున్నాయి. అక్కడ అరటి, చెరకు వేయకండి, ఇంట్లో ధాన్యం, బెల్లం నిల్వ పెట్టకండి. పందుల కోసం కంచెకి కరెంటు తీగ చుట్టమని ఎవరు చెప్పినా వినొద్దు. ఆ తీగకి మనుషులు చచ్చిపోతున్నారు, గేదెలు చచ్చిపోతున్నాయి. పంట నష్టానికి అటవీ శాఖకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. మంచం, దాని చుట్టూ పరుపు కిందకి దోపిన దోమతెర. పాము కాటుకి విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే వెళ్లి అడిగి, అక్కడికి రాత్రి బండి మీద ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూసుకోండి. మా ఇంటి నుంచి నలభై నిమిషాలు. వానాకాలంలో గెడ్డ పారితే యాభై అయిదు. ఆ రెండు అంకెలూ, ఆటో నడిపే కుర్రాడి ఫోను నంబరూ తలుపు లోపలివైపు సుద్దతో రాసి ఉంచాను.