బ్యాక్‌గ్రౌండ్ మార్చుడు, మూడో పాఠం: వదిన గాల్లో ఎందుకు నిలబడ్డది

పోయిన పాఠంలో మనిషిని వెనకాల సీన్ నుంచి కట్ చేసుడు చూసినం, జుట్టు దగ్గర మాస్క్ (ఏది కనబడాలె, ఏది దాగాలె అని చెప్పే పొర) ఎట్ల సరిచేయాల్నో కూడా చూసినం. హోంవర్క్ చేసినోళ్ళకి కటింగ్ మంచిగనే వచ్చి ఉంటది, కానీ కొత్త బ్యాక్‌గ్రౌండ్ పెట్టంగనే ఏదో తేడా కొట్టి ఉంటది, ఏందో చెప్పరాదు గానీ చూస్తే నవ్వొస్తది. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

మా వదిన కూకట్‌పల్లిలో ఇంట్లనే గద్వాల్ చీరలు అమ్ముతది, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. చీర కట్టుకుని హాల్లో నిలబడితే అన్న సోఫాలో కూసొని ఫోన్‌తో ఫోటో తీసిండు, వెనకాల కూలరు, చెప్పుల స్టాండు, మంచినీళ్ళ టిన్ను. "జర మంచిగ చేసియ్యరాదు తమ్ముడూ" అన్నది. నేను షోకు పోయి చార్మినార్ పెట్టిన. చూసి ఒకటే మాట, "ఏందిది, నేను గాల్లో నిలబడ్డనా? చార్మినార్ నా చంకలకొచ్చింది." నేను అరగంట కష్టపడ్డది జుట్టు దగ్గర, ఆమె చూసింది కాళ్ళ దగ్గర.

ముందుగాల ఎత్తు సంగతి, ఎందుకంటే ఇది ఎవ్వరూ చెప్పరు. ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఫోన్ మీ కళ్ళకాడ పెట్టి ఒక ఫోటో తీయండి, మీ అంత ఎత్తున్నోళ్ళ తలలన్నీ దగ్గరోళ్ళవైనా దూరపోళ్ళవైనా ఒకే గీత మీద ఉంటయి. ఆ గీతే హొరైజన్. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే ఆ గీత మనిషిని అంత ఎత్తులో కోస్తది. అన్న సోఫాలో కూసొని తీసిండు గదా, అంటే గీత వదిన నడుము మీదికెల్లి పోవాలె. నేను పెట్టిన చార్మినార్ ఫోటో నిలబడి తీసింది, అందులో గీత జనాల కళ్ళకాడ ఉంది, నేను చూసుకోకుండ ఆ గీత వదిన మోకాళ్ళ దగ్గరికొచ్చేటట్టు అతికించిన. ఇంకేముంది, రాక్షసి లెక్క కనబడ్డది (ఈ మాట ఆమెకి చెప్పలే).

గది లోపల తీసిన ఫోటోలో హొరైజన్ కనబడదు కాబట్టి టైల్స్ చూడండి. మీ నుంచి లోపలికి పోయే టైల్స్ సందు గీతలు రెండు తీసుకుని లైన్ టూల్‌తో పొడిగిస్తే అవి ఒక దగ్గర కలుస్తయి, ఆ పాయింట్ ఎంత ఎత్తులో ఉంటే హొరైజన్ అక్కడున్నట్టు. టైల్స్ లేకుంటే మంచం అంచో, గోడ మీద షెల్ఫో, ఏదో ఒకటి దొరుకుతది. కొత్త బ్యాక్‌గ్రౌండ్ గీత కూడా మనిషిని అదే ఎత్తులో కోసేటట్టు చూసుకోండి. రెండు నిమిషాల పని, దీంతోనే సగం రోగం కుదురుతది.

తర్వాత వెలుతురు. ముక్కు కింద, గదవ కింద నీడ ఏ పక్కకు పడ్డదో చూసి రాసిపెట్టుకోండి. వదిన మీద ట్యూబ్‌లైట్ ఎడమ గోడ మీదికెల్లి పడ్డది, తెల్లగ, జర నీలం కొట్టేటట్టు. చార్మినార్ ఏమో నేను పత్తర్‌గట్టి దిక్కుకెల్లి తీసింది, అంటే ఉత్తరం పక్క. మన హైదరాబాద్‌లో సంవత్సరంలో ఎక్కువ రోజులు సూర్యుడు దక్షిణం వైపు నుంచే పోతడు, కాబట్టి అటుకెల్లి తీస్తే కట్టడం ఎక్కువసార్లు నీడలోనే ఉంటది, వెలుతురు దాని వెనకాలకెల్లి వస్తది. లాడ్ బజార్ దిక్కుకెల్లి సాయంత్రం తీస్తే వెలుతురు మీ వీపు వెనక నుంచి పడి పడమటి ముఖం బంగారం లెక్క మెరుస్తది. రెంటిలో ఏది పెట్టినా ట్యూబ్‌లైట్ కింది మనిషి అందులో ఇమడదు. బ్యాక్‌గ్రౌండ్‌కి తగ్గట్టు మనిషి రంగు మార్చుడు మస్తు కష్టం, చీర రంగు కూడా మారిపోతది, మనిషి మీద పడ్డ వెలుతురుకి తగ్గ బ్యాక్‌గ్రౌండ్ ఏఐని అడుగుడే సులువు.

ఇంకోమాట, చార్మినార్ లాంటివి ఏఐతో గీయించకండి. నాలుగు మినార్లు అయితే ఇస్తది గానీ ఆర్చీల పైన నగిషీ, గడియారం అన్నీ సొంతంగ కల్పిస్తది, సిటీలో పుట్టి పెరిగినోడు ఒక్క చూపుకే పట్టేస్తడు. పేరున్న జాగా కావాల్నంటే మీరే పోయి ఫోటో తీసుకోండి, పేరు లేనివి అంటే గోడ, వరండా, పరదా ఇట్లాంటివి గీయించుకోండి.

సరే, అడుగుడు ఎట్లనో చూద్దాం. ఫోటోషాప్‌లో జనరేటివ్ ఫిల్ (ఏం కావాల్నో రాస్తే ఏఐతో గీసిచ్చే టూల్) 2023 మే నెలలో బీటాగా వచ్చింది, అందులో మీరు సెలెక్ట్ చేసిన భాగమే మారుతది, మిగతాది ముట్టదు. జెమినై లాంటి చాట్ టూల్స్‌లో తెలుగులో రాసినా అర్థమయితది. నేను వదిన ఫోటోకి రాసింది ఇది: "మనిషి లేని పాతకాలం ఇంటి వరండా, సున్నం గోడ, ఒక టేకు స్తంభం, ఎడమ పైనుంచి మెత్తటి తెల్ల వెలుతురు, కెమెరా నడుము ఎత్తులో, ఎండ నీడలు వద్దు." అందమైన, అద్భుతమైన లాంటి మాటలు ఏం లేవు చూడండి, అవి రాస్తే సూర్యాస్తమయాలు, పూలతీగలు తెచ్చి పోస్తది. వెలుతురు ఎటు, కెమెరా ఎంత ఎత్తు, ఏం వద్దు, ఈ మూడు రాస్తే చాలు.

"మనిషి లేని" అని ఎందుకు రాసిన్నో చెప్పాలె, ఇది దెబ్బ తిని నేర్చుకున్నది. మొదటిసారి వదిన ఫోటోనే చాట్‌లో పెట్టి వెనకాల మార్చు అన్న. మంచిగ మార్చింది, వదిన కూడా ఖుష్. ఆ ఫోటో చూసి ఒకామె చీర కొన్నది, ఇంటికి పోయినంక ఫోన్ చేసి "ఫోటోలో అంచు ఇది కాదు కదండీ" అన్నది. పక్కపక్కన పెట్టి చూస్తే నిజమే, కోటకొమ్మ అంచులో కొమ్మలు తక్కువైనయి, జరీ గీత ఒకటి మాయం, పల్లులో బుటాలు వేరే. చాట్‌లో అడిగినప్పుడు చాలాసార్లు అది వెనకాల ఒక్కటే కాదు, ఫోటో మొత్తం మళ్ళీ గీస్తది, ముఖం, నగలు, అంచు అన్నీ దగ్గరదగ్గరగ పోలినట్టు గీస్తది అంతే. చీర వాపస్ తీసుకున్నం. అప్పటికెల్లి ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ విడిగ గీయించుకుని, కట్ చేసిన అసలు వదినని పై లేయర్‌లో, అంటే దాని మీది పొరలో పెడుతున్న, చీరలో ఒక్క పిక్సెల్ కూడా ఏఐ ముట్టొద్దు. పాస్‌పోర్ట్ ఫోటోలకి కూడా ఈ చాట్ పద్ధతి వద్దు, యాభయ్యో వందో ఇచ్చి స్టూడియోకి పోండి.

ఇప్పుడు కాళ్ళు. అన్నిటికన్నా సులువైన కిటుకు ఏందంటే నేల మార్చకండి. గోడ కింద స్కర్టింగ్ ఉంటది గదా, అక్కడిదాక సెలెక్ట్ చేసి పైదే మార్చండి, అసలు నేల, అసలు నీడ అట్లనే ఉంటయి, ఎవ్వరూ పట్టలేరు. నేల మార్చాల్సిందే అంటే నీడ రెండు భాగాలని గుర్తుపెట్టుకోండి. పాదం నేలకి తగిలే దగ్గర సన్నగ, నల్లగ ఒక గీత, దాని చుట్టూ వెడల్పుగ, పలచగ ఇంకోటి. చాలామంది రెండోదే వేస్తరు, మొదటిది మర్చిపోతరు, మా వదిన గాల్లోకి లేసింది దానికే. కొత్త లేయర్, మల్టిప్లై మోడ్ (కింది రంగుని ముదురు చేసేది), చిన్న మెత్తటి బ్రష్, పాదాల అంచు వెంబడి ఒక్కసారి గీస్తే చాలు, నలుపు బదులు నేల రంగుదే ముదురు షేడ్ తీసుకోండి.

ఆఖరికి గరుకుతనం. ట్యూబ్‌లైట్ కింద ఫోన్ ఫోటోలో సన్నటి ఇసక లెక్క నాయిస్ ఉంటది, ఏఐ గీసిన గోడ నున్నగ వెన్న లెక్క ఉంటది, రెండూ పక్కన పెడితే అతుకు తెలుస్తది. గోడ లేయర్‌కి కొంచెం నాయిస్ కలపండి. సైజు కూడా చూసుకోండి, 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే అడ్డంగ సుమారు 4000 పిక్సెల్స్, జనరేటివ్ ఫిల్ మొదట్లో ఒక్కసారికి 1024 పిక్సెల్స్ దాకనే గీసి సాగదీసేది, అందుకే మసక. పాత వెర్షన్ వాడేటోళ్ళు గోడని ముక్కలుముక్కలుగ సెలెక్ట్ చేసి గీయించుకోండి. వాట్సాప్‌కే అయితే అంత తిప్పలు అక్కర్లే, అది ఎట్లాగూ కుదిస్తది.

హోంవర్క్: ఇంట్లో టైల్స్ కనబడేటట్టు ఒకరిని నిలబెట్టి రెండు ఫోటోలు తీయండి, ఒకటి నిలబడి, ఒకటి కూసొని. రెంటికీ హొరైజన్ గీసి, రెంటికీ ఒకే వరండా పెట్టి, ఏది ఇమిడిందో చూడండి. వచ్చే పాఠంలో నెట్ చీర పల్లు లోంచి పాత కూలర్ కనబడుతుంటే ఏం చేయాల్నో చెప్తా, వదిన అట్లాంటి ఫోటోలు పదకొండు పంపింది.