కంపెనీ పదేళ్లు నిలబడి పెరగాలంటే బిజినెస్ డెవలప్‌మెంట్ ఎలా నేర్చుకోవాలి

బిజినెస్ డెవలప్‌మెంట్ అంటే సేల్స్‌కి పెట్టిన ఇంకో పేరే అని చాలామంది అనుకుంటారు. రెండూ దగ్గరి చుట్టాలే గానీ పనులు వేరు. సేల్స్ మనిషి ఇప్పుడున్న సరుకుని ఇప్పుడు కొనగలిగేవాళ్లకి అమ్ముతాడు, ఈ క్వార్టర్ (మూడు నెలల) టార్గెట్టే అతని లెక్క. రెండు మూడేళ్ల తర్వాత ఆ టార్గెట్‌కి సరిపడా కస్టమర్లు ఎక్కణ్ణుంచి వస్తారు, కొత్త మార్కెట్ నుంచా, ఇంకో కంపెనీతో పార్ట్‌నర్‌షిప్ వల్లా, ఇన్నాళ్లూ మనం పట్టించుకోని రకం కస్టమర్ల దగ్గర్నుంచా అని ఇప్పుడే వెతికిపెట్టడం బిజినెస్ డెవలప్‌మెంట్. చిన్న కంపెనీల్లో రెండు పనులూ ఒకరి నెత్తినే పడతాయి, అప్పుడు నెలాఖరు టెన్షన్ మిగతా ఆలోచనలన్నిటినీ మింగేస్తుంది. అందుకే వారంలో కనీసం ఒక పూట ఈ నెల టార్గెట్‌తో సంబంధం లేని పనికి కేటాయించండి, ఆ పూట ఎవరు పిలిచినా కదలకండి.

చాలామంది వందమందికి మెయిల్స్ పంపడంతో మొదలుపెడతారు. నా మాట విని మొదటి నెల కొత్తవాళ్లెవరికీ ఏమీ పంపకండి. ఇప్పటికే మీ దగ్గర కొంటున్న పదిమందితో, వదిలేసి వెళ్లిపోయిన ఐదుగురితో మాట్లాడండి. అమ్మడానికి రాలేదని ముందే చెప్పేస్తే వాళ్లూ తేలికపడతారు. మా దగ్గరికి రాకముందు ఈ పని ఎలా నెట్టుకొచ్చారు, ఏ రోజు ఏం జరిగితే ఇక లాభం లేదు వేరే దారి చూడాలి అనిపించింది, మాతో పాటు ఇంకెవరిని చూశారు, మీ ఆఫీసులో ఒప్పుకున్నదెవరు, అడ్డుపడిందెవరు? ఇవి చాలు. మా ప్రాడక్ట్ నచ్చిందా అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి నచ్చిందనే అంటారు. వాళ్ల మాటల్ని వాళ్లు అన్నట్టే రాసుకోండి. రేపు అలాంటి కంపెనీకే ప్రపోజల్ రాస్తున్నప్పుడు ఆ మాటలే వాడితే, చదివేవాళ్లకి వీళ్లకి మన బాధ తెలుసు అనిపిస్తుంది.

వెళ్లిపోయినవాళ్ల దగ్గర దొరికేది ఇంకా విలువైనది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక పెద్ద కస్టమర్ పోతే, రేటు ఎక్కువని పోయారనే అందరం నమ్మాం. ఆరు నెలల తర్వాత నేను ఫోన్ చేసి అడిగితే తేలిందేంటంటే, మా బిల్లుల్లో ప్రతి నెలా ఏదో ఒక తప్పు ఉండేదట, అవి సరిచేయించలేక వాళ్ల అకౌంట్స్‌లో ఉండే ఆవిడ విసిగిపోయి వీళ్లని మార్చాల్సిందేనని పట్టుబట్టిందట. రేటు ఎంత తగ్గించినా వాళ్లు ఆగేవారు కాదు. ఆ తర్వాతే మా దగ్గర బిల్లు బయటికి వెళ్లేముందు ఇంకొకరు సరిచూసే పద్ధతి వచ్చింది.

ఇక లెక్కలు. మీ దగ్గర 100 మంది కస్టమర్లు ఉండి, నెలకి 5 శాతం చొప్పున జారిపోతున్నారనుకోండి. కొత్తవాళ్లు ఎవరూ రాకపోతే ఏడాది చివరికి మిగిలేది దాదాపు 54 మంది. అదే 2 శాతమైతే 78 మంది మిగులుతారు. నెల రిపోర్టులో 5కి, 2కి తేడా చిన్నగా కనిపిస్తుంది, ఏడాదికి వచ్చేసరికి మాత్రం అదనంగా 24 మందిని మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది. ఒక కస్టమర్‌ని తేవడానికి మనకయ్యే ఖర్చెంత, వాళ్లు ఉన్నన్నాళ్లూ మనకి మిగిలే లాభమెంత, బిల్లు పంపాక డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతోంది? ఈ మూడూ ఫైనాన్స్ వాళ్ల పక్కన కూర్చుని తెలుసుకోండి, ఒక మధ్యాహ్నం చాలు. వీటి జవాబులు తెలియకుండా ఎవరికీ డిస్కౌంట్ ఇవ్వొద్దు.

ఎటువైపు పెరగాలో ఆలోచించడానికి మేనేజ్‌మెంట్ నిపుణుడు ఇగోర్ ఆన్సాఫ్ 1957లో చెప్పిన నాలుగు దారులు ఇప్పటికీ పనికొస్తాయి. ఉన్న మార్కెట్‌లో ఉన్న సరుకునే ఇంకా ఎక్కువ అమ్మడం, ఉన్న సరుకుని కొత్త మార్కెట్‌కి తీసుకెళ్లడం, ఉన్న కస్టమర్లకే కొత్త సరుకు ఇవ్వడం, చివరిది సరుకూ మార్కెట్టూ రెండూ కొత్తవే కావడం. చివరిదాంట్లో మన పాత అనుభవం పెద్దగా అక్కరకు రాదు కాబట్టి రిస్క్ అన్నిటికంటే ఎక్కువ, కానీ మీటింగుల్లో హుషారంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీ దగ్గరున్న ప్రతి ఆలోచనా ఈ నాలుగింట్లో ఎక్కడ పడుతుందో ఒక కాగితం మీద వేసి చూసుకోండి, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

కొత్తవాళ్లని ఎంచుకునేటప్పుడు బడ్జెట్ ఉందా, మనతో మాట్లాడే మనిషికి నిర్ణయం తీసుకునే అధికారం ఉందా, నిజంగా అవసరం ఉందా, ఎప్పటికల్లా కావాలి అని నాలుగు చూడమంటారు. మంచి పద్ధతే. నేను దానికి ఐదోది కలుపుతాను: ఈ సమస్య వల్ల ఆ ఆఫీసులో రోజూ ఇబ్బంది పడుతున్న మనిషి ఎవరు? పై అధికారి ఊ అన్నా ఆ మనిషి మన వైపు లేకపోతే పైలట్ దగ్గరే, అంటే చిన్నగా వాడి చూసే దశలోనే, ఆగిపోయిన డీల్స్ చాలా చూశాను.

మొదటి మెసేజ్ నాలుగైదు వాక్యాలు దాటొద్దు. మన కంపెనీ చరిత్ర అక్కర్లేదు, వాళ్ల పని గురించి మనం గమనించిన ఒక విషయం, ఒక ప్రశ్న, అంతే. జవాబు రాలేదని బాధపడొద్దు, వాళ్ల పనులు వాళ్లకుంటాయి. ఫాలో అప్ చేసిన ప్రతిసారీ కొత్తది ఏదైనా ఇవ్వండి, వాళ్లకి పనికొచ్చే ఒక లెక్క, వాళ్ల రంగంలో మారిన ఒక రూల్, ఇంకొకరితో పరిచయం. నా మెయిల్ చూశారా అని మాత్రమే రాసే ఫాలో అప్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మీటింగ్ అయిన రోజే నోట్స్ రాసి, ఎవరు ఏం చేయాలో, ఎప్పటికల్లా చేయాలో వాళ్లకి పంపండి. ఇంత చిన్న పని కూడా క్రమం తప్పకుండా చేసేవాళ్లు తక్కువ, చేస్తే రెండు మూడు నెలల్లోనే నమ్మకం కుదురుతుంది.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టి నేర్చుకోవాల్సింది కాంట్రాక్ట్ చదవడం. లాయర్ చూసుకుంటారులే అని వదిలేయకండి, ఏ షరతు వల్ల రేపు మన చేతులు కట్టేసినట్టవుతుందో వ్యాపారం తెలిసినవాళ్లకే ముందు అర్థం కావాలి. ఐబీఎం 1981లో పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు దానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చింది అప్పటికి చిన్న కంపెనీ అయిన మైక్రోసాఫ్ట్. ఆ ఒప్పందంలో అదే సిస్టమ్‌ని వేరే తయారీదారులకి కూడా లైసెన్స్ ఇచ్చే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత ఐబీఎం మెషిన్‌ని పోలిన కంప్యూటర్లు వేరే కంపెనీల నుంచి వరుసగా వచ్చాయి, వాటికీ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరే వెళ్లింది. పెద్ద క్లయింట్ దొరికాడన్న సంతోషంలో మాకొక్కరికే ఇవ్వాలి అనే షరతుకి తలూపేముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. తప్పనిసరైతే ఎన్ని నెలలు, ఏ మార్కెట్ వరకు, ఎంత కొంటామని గ్యారంటీ ఇస్తే అనేవి రాయించుకోండి. ఈ డీల్ కుదరకపోతే మనకున్న రెండో దారి ఏంటో బేరానికి కూర్చోకముందే తేల్చుకోవాలి, అది లేనివాళ్లు దేనికైనా ఒప్పేసుకుంటారు.

ఒక్క కస్టమర్ మీదే బతికే కంపెనీలకి ఇంకో ప్రమాదం ఉంది. ఇమాజినేషన్ టెక్నాలజీస్ అనే చిప్ డిజైన్ కంపెనీ ఆదాయంలో దాదాపు సగం యాపిల్ నుంచే వచ్చేది. వాళ్ల గ్రాఫిక్స్ టెక్నాలజీని ఇక వాడబోమని యాపిల్ చెప్పినట్టు 2017 ఏప్రిల్‌లో బయటపడగానే ఆ ఒక్క రోజే షేరు 60 శాతానికి పైగా పడిపోయింది, అదే ఏడాది కంపెనీ అమ్ముడైపోయింది. మీ ఆదాయంలో మొదటి కస్టమర్ వాటా ఎంతో ప్రతి క్వార్టర్ రాసి గోడకి అంటించండి. అది పెరుగుతూ పోతుంటే ఆ డీల్ ఎంత తియ్యగా ఉన్నా కొత్తవాళ్ల వేట ఆపొద్దు.

సంతకం అయ్యాక చాలామంది మాయమైపోతారు, నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. మనం నోటితో ఇచ్చిన మాటలన్నీ ఆ పని చేసిపెట్టే డెలివరీ టీమ్‌కి రాసివ్వాలి, వాళ్లని క్లయింట్‌కి మనమే పరిచయం చేయాలి, చేయలేనిది ఏదైనా ఒప్పుకుని ఉంటే అప్పుడే చెప్పేయాలి. పోయిన డీల్స్‌కి కూడా ఒక రిజిస్టర్ పెట్టుకోండి: ఎందుకు పోయిందని మనం అనుకున్నాం, వాళ్లు ఏమన్నారు, ఎవరి దగ్గరికి వెళ్లారు. ఆరు నెలలకోసారి అది తీసి మొదట్నుంచి చదివి, అందులో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి కొత్తవాళ్లతో పని ఎలా సాగుతోందని అడగండి. వాళ్లతో ఉన్న కాంట్రాక్ట్ రెన్యూవల్ తేదీ ఎప్పుడో తెలిస్తే దానికి నాలుగు నెలల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.