అమ్మకి తెలుగులో చెప్పగలిగితేనే సెకండరీలో రాయండి

నేను మొదటిసారి అమెరికా మెడికల్ స్కూళ్ళకి అప్లై చేసిన ఏడాది, జూన్ ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం మొదటి మెయిల్ వచ్చింది. పైన ‘కంగ్రాచ్యులేషన్స్’ అని ఉంది. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ, “సీటొచ్చిందా?” అంది. సీటు కాదు. వంద డాలర్లు కట్టి, ఇంకో నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయమని వచ్చిన సెకండరీ అప్లికేషన్ అది. రాత్రయ్యేసరికి ఇంకో మూడు వచ్చాయి. జులై రెండో వారానికి పదిహేడు.

ఆ ఏడాది నాకు ఎక్కడా సీటు రాలేదు. మరుసటి ఏడాది వచ్చింది. ఇప్పుడు ఒహాయోలో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆ రెండు ప్రయత్నాల మధ్య మెడికల్ ఎంట్రన్స్ ఎమ్‌క్యాట్‌లో నా స్కోరు మారలేదు, కాలేజీ మార్కుల సగటు జీపీఏ దాదాపు అంతే. మారినవి రెండే: స్కూళ్ళ లిస్టు, సెకండరీలు రాసిన తీరు. అందుకని ప్రతి వేసవిలో ఎవరో ఒక ఆంటీ ఫోన్ చేసి “మావాడి ఎస్సేలు కాస్త చూసిపెట్టమ్మా” అంటే కాదనలేను. ఫోన్లో చెప్పేదంతా ఈసారి రాసి పెడుతున్నాను.

కొత్తవాళ్ళకి ముందు ఒక మాట. ఆమ్‌కాస్ అనే ఉమ్మడి వెబ్‌సైట్‌లో నింపే ప్రైమరీ అప్లికేషన్ అందులో మీరు ఎంచుకున్న అన్ని స్కూళ్ళకీ ఒకటే వెళ్తుంది. మార్కులు, ఎమ్‌క్యాట్, పదిహేను యాక్టివిటీలు, 5300 క్యారెక్టర్ల పర్సనల్ స్టేట్‌మెంట్, అన్నీ అందులోనే. ఆ తర్వాత ఒక్కో స్కూలు తన సొంత ప్రశ్నలు పంపుతుంది. అవే సెకండరీలు. చాలా స్కూళ్ళు అప్లై చేసిన దాదాపు అందరికీ పంపేస్తాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ స్కూళ్ళలో కొన్ని మాత్రం ముందు వడపోసి పంపుతాయి. కాబట్టి ఆ కంగ్రాచ్యులేషన్స్ చూసి ఊళ్ళో అందరికీ చెప్పకండి. మా అమ్మ చెప్పేసింది.

డబ్బు సంగతి. ఆమ్‌కాస్‌కి మొదటి స్కూలుకు 175 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి నలభై పైచిలుకు. సెకండరీ ఫీజు స్కూలును బట్టి ఎక్కువగా 75 నుంచి 150 డాలర్ల మధ్య ఉంటుంది. ఇరవై స్కూళ్ళంటే మొత్తం కలిపి మూడు వేలు దాటడం మామూలే. ఇంట్లో ఆదాయం తక్కువైతే, ఆమ్‌కాస్ నడిపే మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్ళ ఫీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌కి అప్లై చేయండి. అది వస్తే ఇరవై స్కూళ్ళ దాకా ఆమ్‌కాస్ ఫీజు ఉండదు, సెకండరీ ఫీజు కూడా చాలా స్కూళ్ళు మాఫీ చేస్తాయి. కానీ ప్రైమరీ సబ్మిట్ చేయకముందే మంజూరై ఉండాలి. కట్టేసిన డబ్బు వెనక్కి రాదు. “మనం అడుక్కోవడమేంటి” అని మొహమాటపడి క్రెడిట్ కార్డు మీద కట్టుకున్న కుటుంబాలను చూశాను. అక్కడ మొహమాటం అక్కర్లేదు.

ఫీజు బటన్ నొక్కే ముందు ఇంకోటి చూడాలి, మనవాళ్ళకి ముఖ్యంగా. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వర్క్ వీసా మీద వచ్చినవాళ్ళ పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా మీద, పెరిగిన పిల్లలు 21 నిండగానే ఆ వీసా నుంచి బయటికి వచ్చేస్తారు. చాలామంది ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారతారు. ఐదేళ్ళ వయసు నుంచి ఇక్కడే చదివినా, చాలా స్కూళ్ళ లెక్కలో వాళ్ళు ఇంటర్నేషనల్ విద్యార్థులే. కొన్ని స్కూళ్ళు ఇంటర్నేషనల్ వాళ్ళని అసలు తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని, ఏడాది ఫీజో నాలుగేళ్ళదో ముందే ఒక ఖాతాలో చూపించమంటాయి. ఇదంతా ఏఏఎంసీ వాళ్ళ ఎంసార్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో స్కూలువారీగా ఉంటుంది. తీసుకోని స్కూలు కూడా ఒక్కోసారి సెకండరీ పంపి ఫీజు అడుగుతుంది, వాళ్ళ కంప్యూటర్ పంపేస్తుంది అంతే. ఎంసార్‌లోనే ఇన్-స్టేట్, అవుట్-ఆఫ్-స్టేట్ ఎంతమందిని తీసుకున్నారో కూడా చూడండి. మొదటిసారి నేను వేరే రాష్ట్రాల ప్రభుత్వ స్కూళ్ళు ఆరు పెట్టాను. బయటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందినే తీసుకునేవి. ఆ ఆరు సెకండరీలకు పోయిన పన్నెండు రాత్రులు నాకింకా గుర్తున్నాయి.

ఇక రాయడం. సెకండరీ వచ్చిన రెండు వారాల్లో తిరిగి పంపాలన్నది అందరూ అనుకునే లెక్క. కొన్ని స్కూళ్ళు గడువు రాసే ఇస్తాయి. చాలాచోట్ల ఇంటర్వ్యూలు ముందొచ్చినవాళ్ళతోనే మొదలవుతాయి. అక్టోబర్ 15 నుంచి సీట్ల మెయిళ్ళు వెళ్ళడం మొదలవుతుంది. సెప్టెంబర్‌లో పంపితే కొంపలేం మునగవు గానీ, లైన్లో వెనక నిలబడ్డట్టే. జులైలో ఒకేసారి పదిహేడు వచ్చిపడితే రెండు వారాల్లో ఎవరి వల్లా కాదు. అందుకే జూన్‌లో, ఆమ్‌కాస్ వాళ్ళు మీ మార్కులు సరిచూస్తున్న ఆ ఖాళీ వారాల్లోనే రాయడం మొదలుపెట్టాలి. ఏ స్కూలు కిందటేడు ఏం అడిగిందో వెతికితే దొరుకుతుంది. చాలా స్కూళ్ళు పెద్దగా మార్చవు.

ఏ వరసలో రాయాలి? మొదటిసారి నేను వచ్చినవి వచ్చినట్టు రాశాను. దాంతో, నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్కూలుది ఆగస్టు చివర్లో, రాత్రి రెండింటికి, కళ్ళు మూతలు పడుతుండగా రాయాల్సి వచ్చింది. అలాగని ఇష్టమైనదే ముందు రాస్తే అదీ చెడుతుంది. మొదటి దోసె పెనానికి అంటుకుంటుంది కదా, ఇదీ అంతే. లిస్టులో మధ్యలో ఉన్న స్కూళ్ళవి రెండు ముందు రాసి, చెయ్యి తిరిగాక, మూడోదిగానో నాలుగోదిగానో ఇష్టమైనది తీయండి.

ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపించినా, కూడితే నాలుగైదు రకాలే. నీలో వేరేగా ఉన్నదేమిటి, నువ్వు ఎదుర్కొన్న కష్టం ఏది, మా స్కూలే ఎందుకు, డిగ్రీ అయ్యాక ఈ ఏడాది ఏం చేస్తున్నావు, ఇంకేమైనా చెప్పాలా. వీటన్నిటికీ నేను మొదటిసారి రాసినవి ఒకలాగే ఉన్నాయి: ‘రెండు సంస్కృతుల మధ్య పెరగడం వల్ల నాలో సహానుభూతి పెంపొందింది’ అన్న ధోరణిలో, ఇంగ్లిష్‌లో నున్నగా.

రెండోసారి అనుకోకుండా పద్ధతి మారింది. మా అమ్మకి ఎస్సేల ఇంగ్లిష్ సరిగా అర్థం కాదు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని “ఏం రాశావో చెప్పు” అంది. తెలుగులో చెప్పడం మొదలుపెట్టి రెండో వాక్యంలోనే ఆగిపోయాను. సహానుభూతి పెంపొందిందని అమ్మతో ఎవరైనా అంటారా? “కూచిపూడి నేర్చుకున్నాను, సంక్రాంతికి ముగ్గులేస్తాం...” అని ఏదో సర్దబోయాను. “ఇది మన వీధిలో ఏ పిల్లయినా చెప్తుంది కదే. మరి గుడి క్యాంపులో ఆ మామ్మగారి సంగతి రాయలేదేం?” అంది అమ్మ.

గుడిలో నెలకోసారి ఉచిత వైద్య శిబిరం పెట్టేవారు. బీపీ చూసే బల్ల పక్కన కూర్చుని తెలుగు మాటల్ని డాక్టరుకి ఇంగ్లిష్‌లో చెప్పడం నా పని. కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన ఒక మామ్మగారు “కళ్ళు తిరుగుతున్నాయమ్మా, గుండెల్లో గ్యాస్ పట్టేసింది” అన్నారు. నేను తల తిరగడం, గ్యాస్ అని చెప్పాను. డాక్టరుగారు గ్యాస్ మాత్ర రాయబోతున్నారు. ఆవిడ చెయ్యి మాత్రం రొమ్ము మధ్య ఎముక మీద అలా రుద్దుతూనే ఉంది. “మామ్మగారూ, గ్యాస్ అంటే మంటగా ఉందా, బరువుగా ఉందా?” అని అడిగాను. “బరువే తల్లీ. మెట్లెక్కితే ఎవరో మీద కూర్చున్నట్టు.” అది చెప్పగానే డాక్టరుగారు కలం పక్కన పెట్టేశారు. అరగంటలో ఆవిణ్ణి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు.

నేను ముందు తప్పుగా చెప్పాను. ఎస్సేలో అదే మొదట రాశాను. ఆ తర్వాత శిబిరంలో వాలంటీర్ల కోసం ఒక కాగితం తయారుచేశాను: నీరసం, దడ, ఆయాసం, తిమ్మిరి, గ్యాస్. మనవాళ్ళు ఒక్కో మాటని ఎన్ని బాధలకు వాడతారో, విన్నాక తిరిగి ఏం అడగాలో అందులో ఉంది. ఇదంతా 1800 క్యారెక్టర్లలో పట్టింది. మూడింట రెండొంతులు ఆ బల్ల దగ్గర జరిగిందే, మిగతాది కాగితం సంగతి, చివర రెండు వాక్యాలు రేపు క్లాసులో నా వల్ల ఏం ఉపయోగమో. రెండు ఇంటర్వ్యూల్లో దీని గురించే అడిగారు. (పేషెంట్ల గురించి రాసేటప్పుడు పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. నేను ఇక్కడా కొన్ని మార్చాను.)

అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇదే చెప్తాను. ముందు ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. నోట్లో ఎక్కడ తడబడతారో, అక్కడ ఇంగ్లిష్‌లో కూడా ఏమీ లేదన్నమాట. తెలుగు సరిగా రాని పిల్లలైతే మరీ మంచిది, ఉన్న నాలుగు మాటల్లో జరిగింది తప్ప ఇంకేం చెప్పలేరు.

కష్టం గురించి అడిగే ప్రశ్న దగ్గర మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. కిందటి వేసవిలో ఒక అబ్బాయి, రెండుసార్లే చూసిన తాతగారు పోవడం గురించి రాసి తెచ్చాడు. “నిజంగా నీకు కష్టమైనది ఏంట్రా?” అంటే చాలాసేపు ఆలోచించి, నాన్న ఉద్యోగం పోయిన సంగతి చెప్పాడు. హెచ్-1బీ వాళ్ళకి కొత్త ఉద్యోగం వెతుక్కోడానికి అరవై రోజులే గడువు. ఆ అరవై రోజులూ వీడు పగలు ల్యాబ్‌కి వెళ్ళి, రాత్రి పదింటి దాకా ట్యూషన్లు చెప్పి, చెల్లెల్ని స్కూల్లో దింపి తెచ్చాడు. “అది రాయి” అన్నాను. “నాన్న ఒప్పుకోరు అక్కా, పరువు.” నేనే వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను. ఆయన ఒక రోజంతా ఏమీ అనలేదు, మర్నాడు “రాయమనమ్మా” అన్నారు. తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పిల్లలు మీ అనుమతి కోసం ఆగి ఉంటారు. వాళ్ళంతట వాళ్ళు అడగరు. ముందు మీరే అడగండి. అయితే రాసేటప్పుడు కష్టానికి నాలుగు వాక్యాలు చాలు, వాడేం చేశాడన్నదే మిగతా అంతా.

‘మా స్కూలే ఎందుకు’ అన్నదానికి పొగడ్తలు వద్దు. రాసినదాంట్లో స్కూలు పేరు తీసి ఇంకో పేరు పెట్టి చదవండి, అప్పుడూ అతికితే చింపేయండి. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీది ఐదేళ్ళ కోర్సు, పరిశోధన కోసమే ఒక ఏడాది ఎక్కువ. పరిశోధన మీద ఇష్టం లేనివాళ్ళు ఎంత రాసినా అక్కడ తేలిపోతుంది. జార్జ్‌టౌన్ లాంటి జెస్యూట్ స్కూళ్ళు మనిషిని మొత్తంగా చూసుకోవడం అంటాయి. ‘కురా పెర్సొనాలిస్’ అనే ఆ లాటిన్ మాటని వాళ్ళ వెబ్‌సైట్ నుంచి తీసి వాళ్ళకే అప్పజెబితే లాభం లేదు, ఎవరిని ఎప్పుడు అలా చూసుకున్నారో చెప్పాలి. న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ మెడికల్ స్కూలు 2018లో, ఐన్‌స్టైన్ మెడికల్ కాలేజీ 2024లో ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. అది అప్లై చేయడానికి మంచి కారణమే, ఎస్సేలో రాయడానికి మాత్రం కాదు. ఇన్-స్టేట్ స్కూలైతే మా ఇల్లు ఇక్కడే, ఇక్కడే ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నాను అని మొహమాటం లేకుండా రాయండి, నిజమైతే.

డిగ్రీ అయ్యాక ఏం చేస్తున్నావనే గ్యాప్ ఇయర్ ప్రశ్నకి చేస్తున్న పని మామూలుగా చెప్తే చాలు. ‘ఇంకేమైనా చెప్పాలా’ దగ్గర చెప్పాల్సింది లేకపోతే ఖాళీగా వదిలేయండి. మధ్యలో మార్కులు పడిపోయిన సెమిస్టరు ఉంటే అక్కడ మూడు వాక్యాల్లో చెప్పొచ్చు. కాలేజీలో క్రమశిక్షణ చర్య ఏదైనా జరిగి ఉంటే దాచొద్దు.

ఏఐ గురించి అందరూ అడుగుతున్నారు. ఆలోచనలకీ, తప్పులు దిద్దుకోడానికీ వాడుకోవచ్చని, పంపేది మాత్రం మీదే అయ్యుండాలని ఏఏఎంసీ చెప్తోంది. నాకైతే ఈ ఏడాది ముగ్గురు పిల్లలు దాదాపు ఒకే మొదటి వాక్యంతో ఎస్సేలు పంపారు. ముగ్గురికీ ఒకరికొకరు తెలీదు.

ఇప్పుడు నా ఘనకార్యాలు. మొదటి ఏడాది ఒక స్కూలు ఎస్సేని ఇంకో స్కూలుకి మార్చి అతికించాను. పైన పేరు మార్చాను. మూడో పేరాలో ఉన్నది మార్చలేదు. సబ్మిట్ చేశాక కాపీ చదువుతుంటే కనిపించింది. పొట్టలో ఏదో జారినట్టయింది. పోర్టల్లో దిద్దే దారి లేదు. ఆ స్కూలు నుంచి మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు, అదే కారణమో కాదో. ఇప్పుడు నేను పాత స్కూలు పేరుతో ఫైల్లో సెర్చ్ కొట్టకుండా ఎవరినీ సబ్మిట్ చేయనివ్వను. స్కూలు పేరే కాదు, ఊరి పేరు, క్లినిక్ పేరు కూడా.

రెండోది ఇంకా తెలివితక్కువ. ఒకచోట అన్నీ పంపి, ఫీజు కట్టి హాయిగా కూర్చున్నాను. ఫొటో అప్‌లోడ్ చేయలేదు. మూడు వారాలు నా ఫైలు అసంపూర్తిగానే పడి ఉంది. పోర్టల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చూడలేదు. కాబట్టి ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి: వచ్చిన తేదీ, గడువు, లిమిట్ క్యారెక్టర్లా పదాలా, ఫీజు, ఫొటో, రికమండేషన్ లెటర్లు, క్యాస్పర్ కావాలా ప్రివ్యూ కావాలా (ఫలానా పరిస్థితిలో ఏం చేస్తావని అడిగే ఆన్‌లైన్ పరీక్షలు ఇవి), ఫైలు ‘కంప్లీట్’ అని చూపించిన రోజు. ఆఖరి గడే అసలైనది. క్యాస్పర్ జూన్‌లోపే రాసేయండి, స్కోరు స్కూలుకి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది, అది అడిగే స్కూలు అది చేరేదాకా ఫైలు తెరవకపోవచ్చు. ఎస్సేలు పోర్టల్లో నేరుగా టైప్ చేయకండి, మధ్యలో లాగౌట్ చేసేస్తుంది. స్పేసులు కూడా క్యారెక్టర్లే. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి.

ఆగస్టు మధ్యకి వచ్చేసరికి రాసే ఓపిక అయిపోతుంది. రెండోసారి నేను మూడు సెకండరీలు రాయకుండా వదిలేశాను. ప్రైమరీ ఫీజు పోయింది కదా అని నాన్న బాధపడ్డారు. ఆ మూడు స్కూళ్ళ గురించి అమ్మకి చెప్పడానికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు, అందుకే వదిలేశాను.