ఫోన్‌లో మొదలైన రాజకీయాన్ని ఓటు దాకా, ఊరి దాకా తీసుకెళ్లడం ఎలా?

2024 మే 13, పోలింగ్ రోజు. పొద్దున్నే మా మేనకోడలు తలస్నానం చేసి, ఇష్టమైన చుడీదార్ వేసుకుని మొదటి ఓటుకు బయల్దేరింది. అంతకుముందు నెల రోజులుగా దాని ఇన్‌స్టా నిండా ఎన్నికలే. ఏ పార్టీ మేనిఫెస్టోలో ఏముందో ఇంట్లో మా అందరికంటే దానికే బాగా తెలుసు. బూత్‌కి కాస్త దూరంలో గొడుగు కింద కూర్చుని స్లిప్పులు రాస్తున్న కుర్రాడు జాబితా రెండుసార్లు తిరగేశాడు. పేజీ మీద వేలు పెట్టి వరస తర్వాత వరస చూసుకుంటూ వెళ్లి, ఆఖరికి తలెత్తి "మీ పేరు లేదండీ" అన్నాడు. "అదేంటి, ఆధార్ ఉందిగా, పద్దెనిమిది నిండాయిగా" అంటుంది ఇది. ఆధార్ ఉంటే ఓటు దానంతటదే వస్తుందనుకుంది. దరఖాస్తు పెట్టావా అని మేమూ ఎవరమూ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం మంది ఓటేశారు. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలైంది 48.48 శాతం. హైదరాబాద్ కుర్రకారు చేతుల్లో ఫోన్లకు కొదవ లేదు, ఆ ఫోన్లలో రాజకీయాలకూ కొదవ లేదు. అయినా సగం ఓట్లు కూడా పడలేదు.

ఇంటర్నెట్ పిల్లల్ని చెడగొట్టిందనే వాళ్లతో నేను ఏకీభవించను. మా తరం పద్దెనిమిదేళ్లప్పుడు అసెంబ్లీలో ఏం జరిగిందో మర్నాటి పేపర్లో వస్తే తెలిసేది, రాకపోతే లేదు. వీళ్లు లైవ్ చూస్తున్నారు, ప్రశ్నిస్తున్నారు. కావాల్సింది ఆ ఆసక్తిని గట్టున వేసే దారి. నేను పాటించే లెక్క ఒక్కటే: ఆన్‌లైన్‌లో చేసిన పనికి ఏదో ఒక ఆఫీసు నుంచి ఒక నంబరు రావాలి. దరఖాస్తు నంబరో, ఫిర్యాదు నంబరో, రసీదు నంబరో. నంబరు ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. లైకుకు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

1. ముందు జాబితాలో పేరు

ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989లో. వయసు నిండితే హక్కు వస్తుంది కానీ పేరు మాత్రం మీరు అడిగితేనే ఎక్కుతుంది. అడగాల్సింది ఫారం-6లో.

ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ తెరిచి, మొబైల్ నంబరుతో లాగిన్ అయి, ఫారం-6 నింపండి. ఫొటో, పుట్టిన తేదీకి ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు చాలు. పేరు తెలుగులో ఎలా పడిందో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే అదే తెలుగులోకి మార్చేస్తుంది, అక్కడే ఇంటిపేర్లు వంకరపోతాయి. పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత బూత్ లెవెల్ ఆఫీసర్, అంటే అందరూ బీఎల్‌ఓ అనే మనిషి, ఇంటికి విచారణకు వస్తారు. మా దగ్గర అంగన్‌వాడీ టీచరే బీఎల్‌ఓ. మధ్యాహ్నం ఎండలో చేతిలో కాగితాల కట్టతో వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా?" అని అడిగి, టిక్కు పెట్టుకుని వెళ్లారు. మొత్తం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఇంట్లో ఎవరూ లేకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు. అందుకే బీఎల్‌ఓ నంబరు కనుక్కుని మీరే ఒకసారి ఫోన్ చేయండి. తెలియకపోతే 1950కి చేస్తే చెబుతారు.

18 నిండాకే దరఖాస్తు పెట్టాలని లేదు. 17 దాటితే ముందే పెట్టుకోవచ్చు. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని ఏడాదికి నాలుగు తేదీలున్నాయి. వీటిలో ఏ తేదీకి 18 నిండితే అప్పటి నుంచి ఓటరే. ఎన్నికలు ప్రకటించాక చూద్దాంలే అనుకోవద్దు. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు.

హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది చిరునామా దగ్గర. సొంతూళ్లో అమ్మానాన్నల దగ్గర పెట్టుకోవచ్చు, లేదా హాస్టల్ ఉన్నచోట పెట్టుకోవచ్చు. ఏదో ఒకటే. రెండుచోట్ల పేరు ఉండటానికి చట్టం ఒప్పుకోదు, అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు. ఇప్పటికే పేరుండి ఊరు మారితే కొత్తగా ఫారం-6 పెట్టకండి, ఫారం-8 పెట్టండి. చదువుకో ఉద్యోగానికో విదేశాల్లో ఉండి, ఇంకా భారత పౌరులే అయితే ఫారం-6ఏ ఉంది. పాస్‌పోర్టులో ఉన్న ఊళ్లో పేరు ఎక్కుతుంది, ఓటు మాత్రం ఇక్కడికొచ్చి వేయాల్సిందే.

చివరగా, కార్డు వచ్చింది కదా అని ఊరుకోకండి. ప్రతి ఎన్నికకు ముందు అదే సైట్‌లో మీ పేరు వెతికి చూసుకోండి. ఓటు వేయించేది జాబితా. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. కార్డు పోయినా ఆధార్, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చూపించి వేయొచ్చు, పేరు లేకపోతే ఏ కార్డూ పనికిరాదు.

2. పంచుకునే ముందు ఆగండి

2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగాయి. ఆ భూమి తమదేనని, అభివృద్ధి కోసమేనని రాష్ట్ర ప్రభుత్వం అంది. చెట్లు కొట్టొద్దని విద్యార్థులు ఫోన్లతోనే దేశానికి చూపించారు. రాత్రిపూట లైట్లు వేసుకుని నడుస్తున్న యంత్రాలు, చీకట్లో నెమళ్ల అరుపులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దానంతటదే కేసు తీసుకుని పనులు ఆపించింది. తెలుగు నేల మీద యువత ఇంటర్నెట్‌తో సాధించిన వాటిలో నేను కళ్లారా చూసిన పెద్ద ఉదాహరణ ఇదే.

అదే వారంలో కొందరు ఏఐతో తయారుచేసిన బొమ్మలు కూడా పంచారు. బుల్‌డోజర్ల ముందు పరుగెత్తుతున్న జింకలు, నెమళ్లు. చూడగానే గుండె కలుక్కుమనేలా ఉన్నాయి, కానీ నిజం కాదు. ఆ తర్వాత చర్చంతా చెట్ల నుంచి బొమ్మల మీదికి మళ్లింది. కొందరికి పోలీసు నోటీసులు వెళ్లాయి. నిజమైన వీడియోలు తీసి కష్టపడ్డ పిల్లలు, తాము పెట్టని బొమ్మలకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అది చూసి చాలా బాధేసింది.

కాబట్టి ఫొటో వస్తే గూగుల్ లెన్స్‌లో వెతకండి, పాతదైతే ఎప్పటిదో బయటపడుతుంది. వీడియో అయితే మధ్యలో ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి అదే పని చేయండి. మొట్టమొదట పెట్టింది ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ? ఈ మూడూ దొరక్కపోతే పంచకండి. వాట్సాప్‌లో రెండు బాణం గుర్తులతో వచ్చిందంటే ఇప్పటికే చాలా చేతులు మారిందని అర్థం. మీరే తీసిన వీడియో అయితే ఒరిజినల్ ఫైల్ చెరపకండి, రేపు కోర్టులోనో విచారణలోనో అడిగితే అదే సాక్ష్యం.

రాజకీయ రీల్స్ విషయంలో ఇంకో చిట్కా. మెటా యాడ్ లైబ్రరీ తెరిచి ఆ పేజీ పేరు కొట్టండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాల్లో డబ్బు కట్టి నడిపిన రాజకీయ ప్రకటన అయితే ఎవరు కట్టారో, సుమారు ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. అభిమాని సొంతంగా పెట్టాడనుకున్నది ప్రకటన అని అక్కడ తెలుస్తుంది.

3. అభ్యర్థి అఫిడవిట్ చదవండి

2002లో సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ తన మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. దాని పేరు ఫారం-26. ఎన్నికల సంఘం అఫిడవిట్ సైట్‌లో స్కాన్ కాపీ ఉంటుంది. మైనేతా సైట్‌లో అదే సమాచారం చదవడానికి తేలిగ్గా ఉంటుంది.

మొత్తం చదివే ఓపిక లేకపోతే మూడు చోట్ల చూడండి. కేసు ఏ సెక్షన్ కింద పెట్టారు? ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ, హత్యాయత్నం కేసూ ఒకటి కాదు. గత ఎన్నికప్పటి అఫిడవిట్ పక్కన పెడితే ఆస్తి ఎంత పెరిగింది? ప్రభుత్వ కాంట్రాక్టులేమైనా ఉన్నాయా? ఈ మూడూ పోస్టుగా పెట్టండి, పత్రం పేజీ నంబరుతో సహా. అది ఎవరూ కొట్టిపారేయలేని పోస్టు.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో డబ్బో మద్యమో పంచుతుంటే సీ-విజిల్ యాప్ ఉంది. పాత వీడియో అప్‌లోడ్ చేయనివ్వదు, అక్కడికక్కడ తీయాల్సిందే. 100 నిమిషాల్లో చర్య అనేది దాని లక్ష్యం. పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే అప్పుడు దాని పురోగతి మీకు కనిపించదు. ఒంటరిగా దగ్గరికెళ్లి తీయొద్దు, ప్రాణం ముఖ్యం.

4. ముసాయిదాకు జవాబు రాయండి

2015లో టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్, ఇంటర్నెట్ యాప్‌ల నియంత్రణ గురించి ఒక చర్చాపత్రం పెట్టింది. కొన్ని యాప్‌లకు ఒక రేటు, కొన్నిటికి ఇంకో రేటు ఉండొచ్చా అన్నది అందులో ఒక ప్రశ్న. 100 పేజీలకు పైగా ఉన్న ఆ పత్రాన్ని కొందరు స్వచ్ఛందంగా మామూలు భాషలోకి మార్చి, జవాబులు పంపే సైట్ నడిపారు. 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కి చేరాయి. 2016 ఫిబ్రవరి 8న వేర్వేరు రేట్లను నిషేధిస్తూ ట్రాయ్ నిబంధన తెచ్చింది. ఆ కోపం ఫేస్‌బుక్ గోడల మీదే ఉండిపోతే ట్రాయ్ దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పటికీ కేంద్ర మంత్రిత్వ శాఖలు బిల్లులు, నిబంధనల ముసాయిదాలు అభిప్రాయాలకు పెడుతుంటాయి. వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న అలాగే వచ్చింది, మైగవ్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో అభిప్రాయాలు అడిగారు. రాసేటప్పుడు తిట్లూ పొగడ్తలూ వద్దు. ఏ నిబంధన, నంబరెంత, దానివల్ల నా లాంటి విద్యార్థికి ఏమవుతుంది, దాని బదులు ఏం రాస్తే బాగుంటుంది. పది వాక్యాలు చాలు.

5. ఊరి లెక్క అడగండి

రీల్ తీయడానికి గుంతల రోడ్డు బాగా పనికొస్తుంది. రోడ్డు వేయించడానికి సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. ముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ పేరు వెతికి, ఏ పనికి ఎంత ఖర్చు చూపించారో చూడండి. ఏదైనా తేడాగా అనిపిస్తే పంచాయతీ కార్యదర్శికి ఇలా రాయండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద కోరే సమాచారం: 1) మా ఊరి రామాలయం వీధిలో గత రెండేళ్లలో మురుగు కాలువ పనికి ఖర్చు చేసిన మొత్తం. 2) ఆ పని ఎం.బుక్ నకలు. 3) కాంట్రాక్టరుకు చెల్లించిన తేదీలు, బిల్లుల నకళ్లు."

ఎం.బుక్ అంటే కొలతల పుస్తకం. పని ఎన్ని మీటర్లు జరిగిందో ఇంజినీరు రాసేది అందులోనే. అందుకే దాన్ని పేరు పెట్టి అడగాలి. "కాలువ ఎందుకు బాగోలేదు?" అని అడిగితే జవాబు రాదు, ఈ చట్టం కింద కాగితాలు ఇస్తారు, కారణాలు కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ సైట్‌లో పంచాయతీ ప్రశ్న వేయకండి, అది కేంద్ర శాఖలకు మాత్రమే. అర్జీ తిప్పి పంపుతారు, కట్టిన డబ్బు వెనక్కి రాదు. కాగితం మీద రాసి చేతికిచ్చి రసీదు తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

6. రాయడానికి భయపడకండి, హద్దు తెలుసుకోండి

2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో బంద్‌ను ప్రశ్నించింది, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూసి తట్టుకోలేక ఇరవైల్లో ఉన్న శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకెళ్లింది. ఆన్‌లైన్ రాతలకు అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏను 2015 మార్చి 24న కోర్టు కొట్టేసింది. ప్రభుత్వాన్ని విమర్శించడం మీ హక్కు. అయితే పరువు నష్టం, కులమతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం ఇప్పటికీ భారతీయ న్యాయ సంహిత కింద నేరాలే. పనిని ప్రశ్నించండి, మనిషి పుట్టుకను కాదు.

7. ఫోన్ జేబులో పెట్టి వెళ్లాల్సిన చోటు

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. ఎవరూ పిలవక్కర్లేదు, మొదటి మెట్టులో ఎక్కించుకున్న పేరే ఇక్కడ మీ పిలుపు. పట్టణాల్లో, తెలంగాణలో అయినా ఆంధ్రలో అయినా, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

వెళ్లేటప్పుడు ఆర్‌టీఐలో వచ్చిన కాగితాలు, ఫొటోల ప్రింట్లు పట్టుకెళ్లండి. ఒక్కరే కాకుండా మీ రీల్ కింద "నిజమే బ్రో" అని రాసిన ముగ్గురినో నలుగురినో వెంటబెట్టుకెళ్లండి. పెద్దవాళ్లు "మీకేం తెలుసురా" అనొచ్చు. గొంతు పెంచకుండా ఎం.బుక్‌లో రాసిన మీటర్లు, మీరు టేపుతో కొలిచిన మీటర్లు చదివి వినిపించండి. సభ ముగిసే ముందు తీర్మానాల పుస్తకంలో మీ విషయం రాశారో లేదో చూసి, ఆ తీర్మానం నంబరు అడిగి రాసుకోండి.