ఎక్స్‌రే షాట్‌కు ముందు

గచ్చిబౌలి వైపు మా ల్యాబ్‌లో అతి చిన్న పల్సులిచ్చే ఫెమ్టోసెకండ్ లేజర్‌ను రాగి టార్గెట్ మీద కొట్టి ఎక్స్‌రేలు పుట్టిస్తాం. కొత్తగా చేరినవాళ్ల కోసం ఇది.

ముందు ఉంగరం, వాచీ తీసెయ్యండి. ఓసారి నా వాచీ అంచు తగిలి కిరణం ఎదుటి గోడ మీద చుక్కలా మెరిసింది. అప్పట్నుంచి అది బ్యాగులోనే.

రక్షణ కళ్లద్దాలు మన లేజర్ తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లకు పనికొచ్చేవో కాదో అంచు మీద చదవండి. ఆ కాంతి మసక ఎరుపుగా కనిపిస్తుంది, చిన్న పవరేలే అనుకుంటే కన్ను పోతుంది.

ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కకట్టే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీద ఉండాలి, మేకుకు తగిలించిన కోటు మీద కాదు.

రాగి ఇచ్చే 8 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఎక్స్‌రేలను పలచని సీసం రేకే ఆపేస్తుంది. అసలు బెడద, లేజర్ దెబ్బకు రాగి మీద పుట్టే ప్లాస్మాలోని (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు) వేడి ఎలక్ట్రాన్ల వల్ల పుట్టే ఇంకా శక్తిమంతమైన ఎక్స్‌రేలతో. అందుకే టార్గెట్ ఉండే ఛాంబర్ కిటికీల దగ్గర సీసం ఇటుకలు జరిగాయేమో వంగి చూడండి. రేడియేషన్ చూపే గైగర్ మీటర్ తక్కువ చూపిందని సంబరపడొద్దు: ఒకే పల్సులో ఎన్ని ఫోటాన్లు పడినా దానికి ఒక్కటే లెక్క.

వాక్యూమ్, హెచ్చరిక ఎర్ర దీపం ఎలాగూ చూసుకుంటారు. తలుపు తెరిస్తే లేజర్‌ను ఆపేసే ఇంటర్‌లాక్‌కు టేపు అంటించి ఉంటే మాత్రం షాట్ ఆపించండి, అంటించింది సీనియరైనా సరే.

మధ్యలో కరెంటు పోయి వస్తే కిరణం దారి సరిచేసే అలైన్‌మెంట్ తక్కువ పవర్‌లో మళ్లీ మొదట్నుంచి.